సముద్రాన్ని గోడకు తగిలించిన పెద్దలకు

విశాఖ తీరం పొడవునా ఉన్న పాఠశాలల యాజమాన్యాలకు, ప్రధానోపాధ్యాయులకు,

మీలో ఒకరు ఏప్రిల్‌లో తల్లిదండ్రుల ఫోన్లకు పంపిన సందేశం తిరిగి తిరిగి నా దగ్గరకూ వచ్చింది. వేసవి సముద్ర జీవశాస్త్ర శిబిరం "భద్రతా కారణాల దృష్ట్యా" బీచ్‌లో జరగదు. దాన్నే బడిలోని ఏసీ హాల్లో, డిజిటల్ బోర్డు మీద నిర్వహిస్తారు. రుసుములో మార్పేమీ లేదు. ఆ బడి పేరు రాయను. రాయనవసరం కూడా లేదు, ఇది చదివితే ఈ ఊళ్లో పది బళ్లైనా తమ గురించే అనుకుంటాయి. ఆ బడి మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. గాలి ఇటు తిరిగిన రోజున అలల హోరు ప్రార్థన మైకును మింగేస్తుంది. అక్కడి పిల్లలకు సముద్రాన్ని గోడకు తగిలించి చూపిస్తారట!

నేను ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఆ శిబిరంలో మూడు పొద్దులు పిల్లల వెంట రాళ్ల మీద నడవడానికి ఒప్పుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. జీతం మాట లేదు కనుక నాకు పోయిందేమీ లేదు. ఈ ఉత్తరం పోగొట్టుకున్నవాళ్ల తరఫున.

మీ భయం ఉత్తదని నేను అనను. ఆర్కే బీచ్‌లోనో, యారాడలోనో, రుషికొండలోనో పిల్లలు కొట్టుకుపోయారన్న వార్త మనం చదువుతూనే ఉన్నాం. ఆ వార్త చదివిన మర్నాడు ఏ ప్రధానోపాధ్యాయుడికైనా చేతులు వణుకుతాయి. అయితే ఒక్క సంగతి ఆలోచించండి. అలా పోయిన పిల్లలను ఎవరైనా గురువు దగ్గరుండి సముద్రానికి తీసుకెళ్లాడా? ఆటు వేళ చూసుకుని, మోకాలి లోతు దాటని రాతిగుంటల దగ్గర, పక్కన ఇద్దరు గజ ఈతగాళ్లను పెట్టుకుని నిలబడ్డారా వాళ్లు? పరీక్షలైపోయిన మర్నాడు నలుగురు స్నేహితులు కలిసి, ఇంట్లో చెప్పకుండా వెళ్లినవాళ్లు ఎంతమంది! నీళ్లు ఎక్కడ ప్రశాంతంగా కనిపిస్తే అక్కడే దిగుతారు. అలలు విరగని ఆ జాగాలోనే నీరు గట్టు నుంచి లోపలికి లాగుతుందని వాళ్లకు పన్నెండేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు. ఇంగ్లిషులో దాన్ని రిప్ కరెంట్ అంటారని నాకు తెలుసు. బల్ల మీద బొమ్మ గీసి చెప్పాను కూడా. కానీ నాకు అది అర్థమైంది జోడుగుళ్లపాలెంలో ఒక ముసలి జాలరి చెయ్యి చాపి చూపించిన రోజున. "నురగ నేని సోటే లాగేత్తాది టీచరమ్మా" అన్నాడు. అంతే. నా బొమ్మకు పట్టిన సమయంలో పదో వంతు పట్టలేదు.

ఆ ఒక్క మాట వినకుండా పిల్లవాణ్ణి పదో తరగతి దాటించి పంపడానికి మీకు భయం వెయ్యదా? సముద్రం పక్కన పుట్టినవాణ్ణి సముద్రానికి పదిహేనేళ్లు దూరం పెట్టి, పదహారో ఏట ఎవరూ తోడు లేకుండా వదిలేస్తున్నారు. మీ సర్క్యులర్ మీ గేటు దాకానే కాపలా కాస్తుంది. ఆ తర్వాత?

ఇక హాల్లో చూపిస్తామన్నదాని సంగతి. ఈ విషయంలో ముందుగా తప్పు ఒప్పుకోవాల్సినదాన్ని నేనే. నా ఉద్యోగమంతా సముద్ర నక్షత్రాన్ని ఫార్మలిన్ సీసాలోంచి చూపించి పాఠం చెప్పాను. జల ప్రసరణ వ్యవస్థ, నాళికా పాదాలు, ఎనిమిది మార్కుల ప్రశ్న, భాగాలు గుర్తించిన పటం. పిల్లలు పటం బ్రహ్మాండంగా వేసేవారు. ఒక ఏడు పెదజాలారిపేట నుంచి వచ్చిన కుర్రాడు వెనక బెంచీలోంచి లేచి, "మేడమ్, బతికున్నది ఈ రంగులో ఉండదు" అన్నాడు. క్లాసు నవ్వింది. నేను కూర్చోమన్నాను. సీసాలో ఉన్నది పాలిపోయిన పసుపు ముక్క. వాడు అలివి వల లాగినప్పుడల్లా ఇసుకలో వాటిని ఏరి తిరిగి నీళ్లలోకి విసిరినవాడు. ఆ గదిలో నక్షత్రం ఎలా కదులుతుందో కళ్లతో చూసింది వాడొక్కడే. నేను చూడలేదు. అయినా మార్కులు వేసింది నేను, తప్పింది వాడు. మీ డిజిటల్ బోర్డు నా సీసా కన్నా రంగుల్లో మెరుగే, ఒప్పుకుంటాను. కానీ అందులో ఈదేవి ఆస్ట్రేలియా పగడాల మధ్య చేపలు. వ్యాఖ్యానం ఇంగ్లిషులో. మన రాళ్ల మీద పాకే పీత అందులో ఒక్క క్షణమైనా కనబడుతుందా?

మన రాళ్లంటే గుర్తొచ్చింది. తూర్పు కనుమలు సముద్రాన్ని ఇంత దగ్గరగా వచ్చి తాకే చోట్లు మన కోస్తాలో చాలా తక్కువ. కొత్త కొలతల ప్రకారం వెయ్యి కిలోమీటర్లు దాటిన ఆంధ్ర తీరంలో ఎక్కువ భాగం ఇసుక, బురద, మడ. రాతి తీరం మన అదృష్టం. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం దగ్గర, మంగమారిపేటలో, భీమిలిలో నీరు తీసినప్పుడు బయటపడే ఆ ఖొండలైటు రాళ్లు ఇంకో ఊళ్లో ఉంటే టికెట్టు పెట్టేవారు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ నౌక 'మా' తెన్నేటి పార్కు దగ్గరికి కొట్టుకొచ్చి కూరుకుపోతే ఊరంతా ఎగబడింది. సెల్ఫీలే సెల్ఫీలు. ఆ నౌక కూర్చున్న రాళ్లలో ఎవరు కాపురముంటున్నారని వంగి చూసినవాళ్లు ఎందరు?

నీరు తీసిన వేళ అక్కడ మెట్లు కనిపిస్తాయి. ఎవరూ చెక్కినవి కావు. పైన, తుంపర మాత్రమే తగిలే చోట ఆవగింజంత, శనగగింజంత నత్తలు. కాస్త దిగితే రాయికి సున్నం గీకినట్టు గరుగ్గా బార్నకిల్స్. ఇంకాస్త దిగితే రాతిని కరుచుకున్న ఆల్చిప్పలు, చెయ్యి కోసేస్తాయి. ఆ కింద జారే పచ్చటి పాచి. అడుగున, ఎప్పుడూ నీరు ఇంకని గుంటల్లో, పువ్వు విచ్చుకున్నట్టు ఆనిమోన్లు. ఎండను, ఉప్పును, అల దెబ్బను ఎవరు ఎంతసేపు ఓర్చుకోగలరో దాన్నిబట్టి వాళ్లకో మెట్టు. పిల్లలకు ఇది చెప్పాల్సిన పని కూడా ఉండదు. పై నుంచి కిందికి దిగుతూ ఏ మెట్టున ఎవరున్నారో రాసుకోమంటే చాలు, వాళ్లే వచ్చి అడుగుతారు: "ఇవి అక్కడ ఎందుకు లేవు?" ఆ ప్రశ్న కోసమే కదండీ మనం జీతాలు తీసుకునేది!

బార్నకిల్‌ను అందరూ గుల్ల అనుకుంటారు. అది రొయ్యకు చుట్టం. తల రాయికి అతికించుకుని, చుట్టూ గోడ కట్టుకుని, పైన తలుపు బిగించుకుని కూర్చుంటుంది. నీరు వచ్చినప్పుడు తలుపు తీసి, ఈకల్లాంటి కాళ్లు బయటకు చాపి, తిండిని గుప్పిట పట్టినట్టు లోపలికి లాక్కుంటుంది. ఇది పుస్తకంలో ఉంది. కానీ బార్నకిల్స్ పట్టిన చిన్న రాయిని సముద్రపు నీళ్లున్న గాజు గిన్నెలో పెట్టి, చుట్టూ పదిమంది పిల్లలను కూర్చోబెట్టి చూడండి. రెండు నిమిషాలు ఏమీ జరగదు. మూడో నిమిషంలో ఒక తలుపు కదులుతుంది. ఎవరో ఊపిరి బిగబడతారు. నాలుగో నిమిషానికి గిన్నె నిండా కాళ్లు ఆడుతుంటాయి. పదకొండేళ్ల పిల్లలు నాలుగు నిమిషాలు కిమ్మనకుండా కూర్చోవడం మీ హాల్లో ఎప్పుడైనా జరిగిందా? గిన్నెలో పెట్టిన రాయిని, ఎక్కడ తీశామో అక్కడే, ఏ వైపు పైకుందో ఆ వైపే పెట్టి వస్తాం. అది కూడా పిల్లల చేతే.

చేత్తో ముట్టుకోనిస్తే జీవాలకు హాని కదా అని మీలో ఒకరిద్దరు అడగవచ్చు. మంచి ప్రశ్న, నిజంగానే. ముట్టుకోవడానికి పద్ధతి ఉంది. తడి చేత్తో, ఒక్క వేలితో, నీళ్ల లోపలే. ఆనిమోన్‌ను పీకకూడదు. సన్యాసి పీతను గుల్లలోంచి లాగకూడదు, అది ప్రాణం పోయినా వదలదు. కోను ఆకారపు శంఖాన్ని అసలు ముట్టుకోకూడదు, అందులో ఉన్న నత్త కుడితే ఆ విషం మనిషిని చంపగలదు. సముద్రపు గుర్రం, సముద్ర దోసకాయ, పగడం వంటివి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. అవి ఇంటికి తీసుకెళ్లే వస్తువులు కావు. గవ్వలు కూడా వద్దంటాం. ఎందుకని పిల్లలు మారాం చేస్తారు. ఒకసారి భీమిలి వైపు గుల్ల దొరక్క సీసా మూత తొడుక్కుని తిరుగుతున్న సన్యాసి పీత ఒకటి కనబడింది. దాని ఇల్లు ఎవరి షోకేసులో ఉందో అని నేను అనకముందే ఒక పాప జేబులోని గవ్వలు తీసి ఇసుకలో పెట్టింది. నేను ఇంకేమీ మాట్లాడలేదు. మీ దగ్గర ఈ పాఠానికి వీడియో ఉందా?

ఇప్పుడు అసలు నాకు ఒళ్లు మండిన సంగతికి వస్తాను. మీ సందేశంలో చివరి వాక్యం: "అర్హులైన శిక్షకుల కొరత" కూడా ఒక కారణమట.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం అది. మీ వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరు వారం నుంచి జూన్ రెండో వారం దాకా. రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూశారా ఎప్పుడైనా? పిల్లలు ఖాళీగా ఉన్న రోజుల్లోనే ఈ తీరంలోని అతి గొప్ప సముద్ర ఉపాధ్యాయులు ఒడ్డున కూర్చుని వలలు బాగు చేసుకుంటూ ఉంటారు. గాలి మారితే వాసన చూసి చెప్పగలిగినవాళ్లు. ఒడ్డు కనబడని దూరం నుంచి ఏ రెండు కొండల కొనలు ఒక గీతలోకి వస్తే తాము ఎక్కడున్నట్టో లెక్క కట్టగలిగినవాళ్లు. మన యువకులు కోచింగులకు వెళ్లి నేర్చుకునే త్రికోణమితి అది, కాగితం లేకుండా. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, గొరకలు, టేకులు: ఏది ఏ నెలలో ఒడ్డుకు దగ్గరగా వస్తుంది, ఏది లోతుకు పోతుంది, ఏ చేప కడుపులో ఏ చేప దొరుకుతుంది అన్నది వాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆహార గొలుసు అన్న పాఠం ఇంతకన్నా శుభ్రంగా ఎవరు చెబుతారు? వాళ్లకు బీఎడ్ లేదు, నిజమే. నాకుంది. నురగ లేని చోటు నాకు తెలియలేదు.

ఆ రెండు నెలలు వాళ్లకు గడ్డు రోజులు. ప్రభుత్వమిచ్చే నిషేధకాలపు సాయం మీద బండి లాగుతారు. పొద్దుకు ఇంత అని గౌరవ వేతనం ఇచ్చి, జాలారిపేట నుంచి ఇద్దర్ని, మంగమారిపేట నుంచి ఇద్దర్ని పిలిస్తే మీ బడి బడ్జెట్టులో అది వార్షికోత్సవపు షామియానా ఖర్చు కూడా కాదు. డబ్బు మాట ఇంతటితో వదిలేస్తాను. ఎందుకంటే అడ్డం డబ్బు కాదు. టై కట్టుకున్న పిల్లలకు లుంగీ కట్టుకున్న మనిషి పాఠం చెప్పడం మీకు ఊహకు అందలేదు. కాదంటారా? కాదంటే చాలా సంతోషిస్తాను, నిరూపించండి.

మీలో కొందరు ప్రభుత్వ బడుల వాళ్లు. మీ పిల్లల్లో చాలామంది వాడబలిజల ఇళ్ల నుంచే వస్తారు. "వాళ్లకు సముద్రం కొత్తేమిటండీ" అని ఒక హెడ్మాస్టరు గారు నాతో అన్నారు. కొత్త కాదు. కానీ బడిలో వాళ్లకు ఉన్నది సిగ్గు. పుస్తకాల సంచిలో చేపల వాసన వస్తుందని వెనక బెంచీకి పోయే పిల్ల, తనకు తెలిసింది కూడా చదువేనని ఎప్పుడు తెలుసుకుంటుంది? ఒకసారి రాళ్ల మీద మొదటి రోజు పబ్లిక్ స్కూలు పిల్లలు జారి పడుతుంటే, చెప్పులు చేత పట్టుకుని పాచి మీద చకచకా నడిచి "ఇలా అడుగెయ్యండి" అని చూపించింది అలాంటి పిల్లే. రెండు రకాల బళ్లనూ కలిపి ఒకే శిబిరం పెట్టమని నేను అడుగుతున్నది అందుకే. విడివిడిగా పెడితే సగం పాఠం పోతుంది.

జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, స్థానిక వృత్తులవాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. మీ నోటీసు బోర్డుల మీద ఆ విధానం బొమ్మ చూశాను, లామినేట్ చేయించి మరీ పెట్టారు. ఆ పది రోజుల్లో మూడు ఈ రాళ్లకు ఇవ్వలేరా? వేసవిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఐఐటీ ఫౌండేషన్ అని పొద్దున్నే బస్సులు నడపగలిగిన మీకు బస్సు దొరకదంటే ఎవరు నమ్ముతారు?

నిజమైన చిక్కు ఒకటుంది, దాన్ని దాచను. సముద్రం పీరియడ్ల ప్రకారం నడవదు. ఆటు వేళ ఏ రోజుకారోజు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ ఆరింటికి తీసిన నీరు ఎల్లుండికి ఏడున్నర దాటితే గానీ తీయదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరింత దూరం తీస్తుంది, మరింత పైకి వస్తుంది. మీ గంట కొట్టే వేళకు రమ్మంటే అది రాదు. కాబట్టి మీరే టైంటేబుల్ మార్చుకోవాలి. ఆటుపోట్ల పట్టికలు ముందే దొరుకుతాయి. అలలు ఎత్తుగా లేచే రోజుల హెచ్చరికలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తూనే ఉంటుంది. సముద్రం లేని ఊరి నుంచి మన సముద్రాన్ని వాళ్లు అంత శ్రద్ధగా కనిపెట్టి చూస్తుంటే, దాని ఒడ్డునున్న మనం కిటికీలు మూసుకుంటున్నాం. హెచ్చరిక ఉన్న రోజు వెళ్లం. పదిమందికి ఒక పెద్ద, రాళ్ల రెండు కొసలా ఇద్దరు ఈతగాళ్లు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, నీరు మళ్లడానికి అరగంట ముందే వెనక్కి. భద్రత అంటే ఇవి. తలుపు గడియ ఒక్కటే కాదు.

ఇదంతా మన ఊరికి కొత్తేమీ కాదని కూడా గుర్తు చెయ్యాలి. ఎన్నో ఏళ్ల క్రితమే వాల్తేరు ఇసుక రేణువుల మధ్య బతికే, కంటికి కనిపించని జీవాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.ఎన్.గణపతి, ఆయన శిష్యులు పని మొదలుపెట్టారు. ప్రపంచం నలుమూలలా చదివిన పరిశోధన అది. అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ 1950లలోనే ఇక్కడికి వచ్చి మన విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని కొలిచాడు. మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున దొరికిన లోయల్లో ఒకదానికి ఆంధ్ర అని, ఇంకోదానికి ఇక్కడి భూగర్భ శాస్త్రాచార్యుడు మహదేవన్ పేరని మీ బళ్లలో ఎంతమంది సైన్సు టీచర్లకు తెలుసు? చెన్నైలో విద్యార్థులు 1988 నుంచి రాత్రిపూట ఒడ్డున నడిచి తాబేలు గుడ్లను కాపాడుతున్నారు. ముంబయిలో 2017 నుంచి మామూలు పౌరులే మురికి తీరాల్లో నడిచి జీవాలను నమోదు చేస్తున్నారు. మన తీరానికీ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి. ఇది విన్న ఏ పిల్లవాడైనా వెంటనే చెయ్యి ఇసుకలో పెట్టి చూస్తాడు. ఏసీ హాల్లో చెయ్యి ఎక్కడ పెడతాడు?

ఒకే ఒక్క అభ్యర్థన. శిబిరం రద్దు చేసిన బడి దాన్ని వచ్చే సెలవుల్లో నడపమని, మిగిలిన బళ్లు దాన్ని చూసి రద్దు చెయ్యవద్దని అడుగుతున్నాను. వెంటనే ఒప్పుకోమనడం లేదు. ముందు మీరు రండి. పిల్లలను తేవద్దు, ఫొటోగ్రాఫర్‌ను అసలు తేవద్దు. యాజమాన్యం నుంచి ఒకరు, సైన్సు టీచరు ఒకరు చాలు. ఆటు వేళ ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి చెబుతాం. జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గర నేనుంటాను, నాకు నురగ లేని చోటు చూపించిన ఆయనా ఉంటాడు. బూట్లు వద్దు, జారతారు. ఒక తువ్వాలు తెచ్చుకోండి. గాజు గిన్నె నా దగ్గర ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు,
విశాఖపట్నం